తకిట తకధిమి ప్రొఫెసర్

ఒకటి నుంచి ఏడు దాకా, ఒకే వేగంతో, పైకి లెక్కపెట్టి చూడండి. ‘ఒకటి’కి మూడక్షరాలు, ‘రెండు’కి రెండు. మొదటి అడుగులోనే తూకం తప్పింది. ఇంగ్లీషులో వన్, టూ, త్రీ అంటూ ఆరు దాకా దెబ్బకో పలుకు చొప్పున బాగానే నడుస్తుంది. ‘సెవెన్’ దగ్గర కాలు మడత పడుతుంది, అందులో రెండు పలుకులున్నాయి కాబట్టి. వేగం పెంచేకొద్దీ నాలుక తడబడుతుంది. ఇప్పుడు అంకెలు పక్కన పడేసి ‘తకిట తకధిమి’ అనండి. సరిగ్గా ఏడక్షరాలు, అన్నీ ఒకే తూకం. ఎంత వేగంగానైనా అనొచ్చు. పైగా ఆ ఏడు మూడూ నాలుగుగా విడిపోయిందని ఎవరూ చెప్పకుండానే చెవికి తెలిసిపోతుంది.

తిరుచ్చి శంకరన్ గారి గురించి రాయాలనుకున్నప్పుడు ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే సులువనిపించింది. ఆయన్ని పరిచయం చేసేవాళ్ళు మామూలుగా మూడు హోదాలు వరసగా చదువుతారు: మృదంగ విద్వాంసుడు, స్వరకర్త, టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఆచార్యుడిగా ఉన్నవాడు. వినేవాళ్ళకు మూడు ఉద్యోగాలు ఒకే మనిషి నెత్తిన పడ్డట్టు ఉంటుంది. నాకు మాత్రం అది ఒక్క విద్యే అనిపిస్తుంది. కచేరీలో వాయించినా, క్లాసులో చెప్పినా, కొత్త రచన కట్టినా ముందు నోట పలికిందే. చేయి తరవాత వచ్చింది.

ఆయన 1942లో తిరుచిరాపల్లి దగ్గర పూవాలూరులో పుట్టారు. తొలి పాఠాలు బంధువు దగ్గరే. తరవాత పళని సుబ్రమణియ పిళ్ళై గారి శిష్యరికం. పదమూడో ఏట ఆలత్తూరు సోదరుల కచేరీలో వేదికెక్కారు. ఆ వివరాలు ఏ పరిచయ పత్రంలోనైనా దొరుకుతాయి. మనం కాస్త ఆగాల్సింది గురువు గారి దగ్గర.

గత శతాబ్దపు మృదంగంలో రెండు బాణీల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి తంజావూరుది, పాల్ఘాట్ మణి అయ్యర్ గారితో లోకానికంతా తెలిసింది. రెండోది పుదుక్కోటది. దీనికి ఆద్యుడు మాన్‌పూండియా పిళ్ళై. కంజీరాను కచేరీ వేదిక ఎక్కించిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు. పళని గారి తండ్రి ముత్తయ్య పిళ్ళై ఈ మాన్‌పూండియా శిష్యుడు. పుదుక్కోట వాళ్ళది లెక్కల చేయి అని పేరు. అయితే పళని గారి వాయిద్యంలో లెక్క బయటికి పొడుచుకొచ్చేది కాదని, బరువైన నాదం పలికే మొహం మీద ఆయన జార్చే గుమ్కి నాదం కోసమే జనం వెళ్ళేవారని పాత రసికులు చెబుతారు.

పళని గారిది ఎడమచేతి వాటం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మృదంగానికి ఇది చిన్నది కాదు. ఆ వాయిద్యానికి రెండు మొహాలూ ఒకటి కావు. ఒకవైపు కరణి అనే నల్లటి ముద్ద గట్టిగా అంటించి ఉంటుంది, దాన్ని పాటగాడి శ్రుతికి కలుపుతారు. రెండోవైపు, తొప్పి అంటారు, కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు, బరువైన నాదం కోసం. శ్రుతి పలికే మొహం సభ వైపు ఉండాలి కాబట్టి ఎడమచేతి వాయిద్యకారుడు వస్తే వేదిక మీద కూర్చునే వరసే తిరగెయ్యాలి. అందుకు అందరూ ఒప్పుకోని రోజుల్లో గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ పళని గారికి అండగా నిలబడ్డారు.

నా ఊహ ఒకటుంది. ఎడమచేతి వాటం గురువు ఎదురుగా కూర్చున్న కుడిచేతి శిష్యుడు కేవలం చేతులు చూసి నేర్చుకోలేడు. పలుకు విని, దాన్ని తన చేతిలోకి తానే మార్చుకోవాలి. మృదంగం ఎవరికైనా నోటితోనే మొదలవుతుందనుకోండి, తొలి పాఠమే ‘తా దీ తొం నం’. అయినా అలాంటి గురువు దగ్గర నోరు మరింత ముఖ్యమవుతుంది కదా.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. ‘తకిట’ లాంటి పలుకుని సొల్లు అంటారు. చాలామంది సొల్లు అంటే దెబ్బకు పేరు అనుకుంటారు. తబలాలో కొంతవరకు అలాగే ఉంటుంది. మృదంగంలో ఆ బంధం వదులుగా ఉంటుంది. ‘తకధిమి’ అన్నప్పుడు చేయి నాలుగు రకాలుగా వాయించొచ్చు, సందర్భాన్ని బట్టి, బాణీని బట్టి. పలుకు చెప్పేది కాలం గురించి: ఎన్ని మాత్రలు, ఎక్కడ విరుపు, ఎక్కడ బరువు. ఏ దెబ్బతో అన్నది వాయించేవాడి ఇష్టం. అందుకే ఒక కొన్నక్కోల్ (ఈ పలుకులు నోటితో చెప్పే విద్య) వరసని మృదంగం మీద నుంచి కంజీరా మీదికి, ఘటం మీదికి పెద్దగా మార్చకుండానే తీసుకెళ్ళొచ్చు. ఆ లెక్కన కంచు గంట మీదికి, పాశ్చాత్య డ్రమ్ము మీదికి కూడా. శంకరన్ గారు తరవాత చేసిన పని అంతా ఈ వదులు ముడి వల్లే సాధ్యమైంది.

1971లో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆయన టొరంటో వెళ్ళారు. అక్కడ భారతీయ సంగీత శాఖను జాన్ హిగ్గిన్స్‌తో కలిసి మొదలుపెట్టారు. హిగ్గిన్స్ భాగవతార్ అంటే మనవాళ్ళలో పెద్దవాళ్ళు గుర్తుపడతారు. అమెరికాలో పుట్టి, కర్ణాటక సంగీతం నేర్చి, తిరువయ్యూరు ఆరాధనలో పాడి, త్యాగరాజ కృతుల్లోని తెలుగును శ్రద్ధగా పలికిన మనిషి. 1984లో రోడ్డు మీద ఒక వాహనం గుద్ది చనిపోయారు. అప్పటికి యార్క్ వదిలి వెళ్ళి కొన్నేళ్ళయింది. శంకరన్ గారు ఉండిపోయారు, దశాబ్దాల పాటు.

గురుకులంలో పెరిగిన వాయిద్యకారుడికి విశ్వవిద్యాలయం అంటే ఎలాంటి చోటు? గురువు ఇంట్లో పాఠానికి గంట కొట్టరు. సిలబస్ ఉండదు. శిష్యుడు కచేరీలకు వెంట వెళ్తాడు, వాయిద్యం మోస్తాడు, వింటాడు. ఏడాది గడిచాక ఒకరోజు గురువు ఏదో ఒక జతి అంటాడు, అది అంటుకుంటుంది. యార్క్‌లో అలా కుదరదు. వారానికి ఇన్ని గంటలు, కొన్ని నెలలకో సెమిస్టరు, చివర మార్కులు. వచ్చే పిల్లల్లో చాలామంది జాజ్ డ్రమ్మర్లు, పియానో వాయించేవాళ్ళు. త్యాగరాజు పేరు వినని వాళ్ళు, ఇంట్లో ఎవరూ తాళం వెయ్యని వాళ్ళు. ఇప్పుడు అమెరికా, కెనడాల్లో మన పిల్లలు మృదంగం నేర్చుకుంటున్నారంటే వెనక అమ్మానాన్నలు, గుడి, 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన లాంటి వేదికలు ఉన్నాయి. యార్క్ క్లాసులో ఆ దన్ను లేదు. వాయిద్యం కొనకముందే, చేయి కుదరకముందే మొదటి వారం నుంచి ఏదో ఒకటి నేర్పగలగాలి.

ఆ ఒకటి నోట్లో ఉంది. చేతితో ఆది తాళం, నోటితో జతులు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తరవాత దెబ్బా విసురూ, మళ్ళీ దెబ్బా విసురూ. నాలుగూ రెండూ రెండూ, మొత్తం ఎనిమిది. ఆ ఎనిమిది కదలకుండా చేతిలో పట్టుకుని, నోట్లో ఒక్కో దెబ్బలో నాలుగు పలుకులు (చతురస్రం), ఆ మీదట మూడు (తిశ్రం), ఐదు (ఖండం), ఏడు (మిశ్రం), తొమ్మిది (సంకీర్ణం). చేయి ఒక కాలంలో, నోరు ఇంకో కాలంలో. పాశ్చాత్య పద్ధతిలో చదువుకున్న డ్రమ్మరుకి ఐదు, ఏడు పలుకుల నడకలు కాగితం మీద చూసి కుస్తీ పట్టాల్సిన కష్టం. ‘తకతకిట’ అని నాలుగు రోజులు అంటే అది ఒంట్లోకి దిగుతుంది. చర్మం, చెక్క, శ్రుతి ఏమీ అక్కర్లేదు. శంకరన్ గారు ఈ పద్ధతి మీద ఇంగ్లీషులో పుస్తకాలు కూడా రాశారు. దక్షిణాది లయ సూత్రాల మీద 1994లో ఒకటి, కొన్నక్కోల్ మీద 2010లో ఒకటి.

తెలుగువాళ్ళకి ఇది వింతగా అనిపించకూడదు. మిశ్రగతి చాలా కష్టమని భయపడే వాళ్ళకి నేను ఒకటే చెబుతాను. గురజాడ వారి ‘మంచి అన్నది పెంచుమన్నా’ అన్న పాదాన్ని తొడ మీద తట్టుకుంటూ చదవండి. ‘మంచి’ మూడు మాత్రలు, ‘అన్నది’ నాలుగు, ‘పెంచు’ మూడు, ‘మన్నా’ నాలుగు. అంటే తకిట తకధిమి, తకిట తకధిమి. ముత్యాలసరం నడకే అది. బడిలో ఆ గేయం అరిచి చదివిన ప్రతివాడూ మిశ్రగతి వాయించినట్టే, ఎవరూ ఆ మాట చెప్పలేదంతే. రగడలు రాసిన మన పాత కవులకైతే ఇది చెప్పక్కర్లేదు. ఒక హెచ్చరిక: ఛందస్సులో యతి వేరు, తాళంలో యతి వేరు. అక్కడ అక్షర మైత్రి. ఇక్కడ పదబంధాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్న ఆకారం. ఆవు తోకలా పైన లావుగా మొదలై కిందికి సన్నబడితే గోపుచ్ఛం, నదిలా సన్నగా మొదలై వెడల్పైతే స్రోతోవహం.

ఇక స్వరకర్త అన్న మాట దగ్గరికి వద్దాం. అసలు తికమక ఇక్కడే.

మన సంప్రదాయంలో రచయిత అంటే వాగ్గేయకారుడు. మాతువు, ధాతువు, అంటే మాటా స్వరమూ రెండూ కూర్చినవాడు. మృదంగ విద్వాంసుడు రాత్రంతా కూర్చుని ఒక కొత్త ముక్తాయింపు (వాయిద్యాన్ని చోటుకి చేర్చే ముగింపు వరస) కట్టినా దానికి ఆయన పేరు పెట్టరు. మర్నాడు కచేరీలో వాయిస్తాడు, ఇంకో వాయిద్యకారుడు విని గుర్తుపెట్టుకుంటాడు, నెల తిరక్కుండా అది అందరిదీ అవుతుంది. ఎవరిదని అడగరు. కానీ ముక్తాయింపు కట్టడం రచన కాకపోతే ఇంకేమిటి? ఒక చిన్నది ఇక్కడే కట్టి చూపిస్తాను, ఇది ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు, నేనే అల్లినది, అందుకే మరీ సాదాగా ఉంటుంది.

ఆది తాళంలో ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ముప్పై రెండు మాత్రలు. ముందు ‘తకధిమితక’ ఆరు, ‘తకతకిట’ ఐదు, ‘తకధిమి’ నాలుగు. ఆరూ ఐదూ నాలుగూ పదిహేను. ఇది ఆవు తోక. ఇక మిగిలింది పదిహేడు. ‘తదిగిణతొం’ ఐదు మాత్రలు. మూడుసార్లు అంటే పదిహేను, మధ్యలో రెండు చోట్ల ఒక్కో మాత్ర ఆగితే పదిహేడు. ముప్పై రెండు నిండింది. మూడో ‘తొం’ అయిన వెంటనే పడే దెబ్బే సమం, తాళం మళ్ళీ మొదలయ్యే చోటు.

ఇప్పుడు పాట సమం దగ్గర కాకుండా అర దెబ్బ దాటాక ఎత్తుకునేదనుకోండి. అలాంటివి బోలెడు. రెండు మాత్రలు ఎక్కువ కావాలి. ముక్తాయింపు మొత్తం పారేసి కొత్తది కట్టనక్కర్లేదు. రెండు విరామాల్లో ఒక్కో మాత్రకు బదులు రెండేసి ఆగితే చాలు. ముప్పై నాలుగు అవుతుంది, చేయి నేరుగా పాట ఎత్తుగడ మీద వచ్చి వాలుతుంది. వినేవాడికి తెలిసేది ఏదో సాగి, సాగి, సరిగ్గా చోటుకి చేరిందన్న సుఖం ఒక్కటే. మౌనాన్ని కొలిచి పెట్టడమే ఇందులో పనితనం.

(నేను సంగీత కళాశాలలో సాయంత్రం క్లాసులకు వెళ్ళిన రోజుల్లో రాత పరీక్షలో ఆరు యతులకూ నిర్వచనాలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ప్రాక్టికల్‌లో పరీక్షకుడు గారు గోపుచ్ఛం ఒకటి తాళం వేస్తూ చెప్పమన్నారు. ఒక్క మాత్ర ముందే సమానికి చేరిపోయాను. ఆయన ఏమీ అనలేదు, తాళం మాత్రం వేస్తూనే ఉన్నారు, నేను వదిలేసిన ఆ మాత్ర కోసం ఎదురుచూస్తున్నట్టు.)

చెన్నైలో పేరు లేని ఈ పని టొరంటోలో రచన అయింది. అక్కడ సంగీత శాఖలో ఎవరైనా కొత్తది కడితే దానికి పేరు, తేదీ, రాతప్రతి, వాయించే బృందం ఉంటాయి. శంకరన్ గారి చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అలాంటివాళ్ళే. టొరంటో కేంద్రంగా నడిచిన నెక్సస్ అనే తాళవాద్య బృందం కూడా 1971లోనే పుట్టింది. యార్క్‌లో ప్రయోగాత్మక సంగీతం రాసేవాళ్ళు పాఠాలు చెబుతుండేవారు. నెక్సస్‌కు చెందిన జాన్ వైర్ ప్రపంచంలోని రకరకాల డప్పులను ఒక వేదిక మీదికి తెస్తూ నడిపిన వరల్డ్ డ్రమ్స్ బృందం 1986లో వాంకూవర్ ఎక్స్‌పోలో వాయించింది. అందులో శంకరన్ గారూ ఉన్నారు. ఒకరి భాష ఇంకొకరికి తెలియని అలాంటి గుంపులో ఏదైనా కలిపి వాయించాలంటే ముందు నోటితో అని వినిపించడం కన్నా దగ్గరి దారి లేదు.

ఆయన ఇండోనేషియా గామెలాన్‌కి రచనలు చేశారన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన విషయం. పైకి చూస్తే కుదరని సంబంధం. గామెలాన్ అంటే కంచు గంటలు, కంచు పలకలు. శ్రుతి పోతలోనే ఖాయమై ఉంటుంది, స్వరాన్ని ఊపి పలికే మన గమకానికి అక్కడ చోటే లేదు. రాగం తీసుకెళ్తే విరిగిపోతుంది. లయ విరగదు. సొల్లుకి శ్రుతితో పని లేదు కదా. ఇంకో సంగతి: జావా సంగీతంలో పెద్ద గాంగ్ ఆవర్తనం చివర పడుతుంది, అసలు బరువు ముగింపు మీదే. మన తాళంలో సమం ఆవర్తనానికి మొదలు. లెక్కకి తేడా ఉన్నట్టే ఉంటుంది. కానీ ముక్తాయింపు ఏం చేస్తుంది? ఎక్కడ మొదలైనా, ఎన్ని వంకరలు తిరిగినా, రాబోయే ఆ ఒక్క దెబ్బ వైపే పరిగెత్తుతుంది. చివరికి చేరడంలోనే రుచి చూసే అలవాటు రెండింటిలోనూ ఉంది. వాటిని కలిపినవాడు ఈ పోలిక గమనించకుండా ఉండడు.

అయితే అన్నీ కాగితం మీదికి రావు. పాశ్చాత్య పద్ధతిలో రాస్తే ఏ క్షణాన దెబ్బ పడాలో రాయొచ్చు. అది ఏ రకం దెబ్బ, చాపా, మీటా, అరచేతి మడమతో జార్చిన గుమ్కియా అన్నది రాయడానికి వేరే గుర్తులు కనిపెట్టాలి. కనిపెట్టినా ఆ జారుడు ఎంత పొడుగో రాయలేం.

ఇక్కడ నాకు ఒక ఫిర్యాదు ఉంది, ఆయన మీద కాదు, ఆ తరవాత జరిగినదాని మీద. మృదంగంలో లెక్క సగం, సర్వలఘువు సగం. సర్వలఘువు అంటే లెక్కలు పక్కన పెట్టి, పాట నడకతో పాటు కాలం హాయిగా పారేలా వాయించడం. విశ్వవిద్యాలయాల్లో లెక్క బాగా అమ్ముడవుతుంది. నేర్పొచ్చు, పరీక్ష పెట్టొచ్చు, మార్కులు వెయ్యొచ్చు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే నలభై సెకన్ల కొన్నక్కోల్ వీడియోలు వరదలా వస్తున్నాయి. అన్నీ లెక్కల గారడీలే. సర్వలఘువుకి ఎవరు మార్కులేస్తారు? శంకరన్ గారి వాయిద్యం తెలిసినవాళ్ళు ఆయన్ని మెచ్చుకునేది, ఆ రెండూ ఆయన చేతిలో ఎక్కడ అతుక్కున్నాయో తెలియనంత బాగా కలిశాయని. పళని గారి నుంచి వచ్చింది ఇదే. సెమిస్టరుకి సరిపోయేది ఇందులో ఒక సగమే.

టొరంటోలో స్థిరపడ్డా ఆయన చెన్నై డిసెంబరు కచేరీలు వదల్లేదు. బహుశా అందుకే మద్రాసు మ్యూజిక్ అకాడమీ 2011లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చినప్పుడు ఎవరికీ ‘విదేశం నుంచి వచ్చినాయన’ అనిపించలేదు. ఆ గౌరవం మృదంగానికి తొలిసారి దక్కింది 1966లో, పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి. శంకరన్ గారికి అందిననాటికి ఆయన దేశం దాటి నలభై ఏళ్ళు.

పక్కవాద్యంలో ఇంకో పొర ఉంది, అది తెలుగువాళ్ళు తొందరగా పట్టుకోగలరు. త్యాగరాజ కృతికి మృదంగం వాయించేవాడు తాళానికే కాదు, మాటకీ వాయిస్తాడు. పల్లవిలో ఒక మాట సాగి నిలిచినచోట చేయి నింపాలా, వదిలెయ్యాలా? అనుపల్లవి పైకి లేచేటప్పుడు ముందే సూచన ఇవ్వాలా? తమిళ దేశపు గొప్ప మృదంగ విద్వాంసులు చాలామందికి తెలుగు మాట్లాడటం రాదు, అయినా ఏ మాట ఎక్కడ విరుగుతుందో వాళ్ళ చేతికి తెలుసు. వందలసార్లు వాయించి తెలుసుకున్నది. ఇది సొల్లుకట్టు (పలుకుల వరస) రూపంలో లేదు కాబట్టి టొరంటో క్లాసులో నోటితో అందించడానికీ కుదరదు. వెంట తిరిగి వినాల్సిందే, పాత పద్ధతిలో.

ఆయన కూతురు సుబా శంకరన్ గాయని. టొరంటోలో ఆటోరిక్షా అనే బృందంతో జాజ్‌నీ కర్ణాటక సంగీతాన్నీ కలిపి పాడుతుంది. తండ్రి అప్పుడప్పుడు ఆ వేదిక మీద కూర్చుని మృదంగమో కంజీరానో వాయిస్తారు. అమ్మాయి స్వరాల మధ్యలో జతులు అందుకుంటుంది, నాన్న చేతితో జవాబిస్తారు. కాసేపటికి ఆయన కూడా చేతులు ఆపి నోటితోనే అనేస్తారు.